గవర్మెంటు బుక్కులో వేశారు కదా అని మామ నమ్మాడు. నేనేం చేయాలి?

ఈసారి ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. పేరు వద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఎవరో గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. ఉత్తరం చాలా పెద్దది, సంగతి మాత్రం ఇది.

ఆవిడకు 36 ఏళ్లు. ఒక ప్రభుత్వ శాఖ రైతుల కోసం వేసే మాసపత్రికలో కాంట్రాక్టు ఉద్యోగం. ప్రూఫులు దిద్దడం, రైతులు పంపే ప్రశ్నల్ని పశువైద్యులకు పంపి జవాబులు తెప్పించి పేజీ తయారు చేయించడం ఆవిడ పని. ప్రతి మార్చిలో కాంట్రాక్టు రెన్యువల్ కావాలి, అంటే ఏటా ఫిబ్రవరి అంతా టెన్షనే. ఏడాదిగా ఆ పత్రికలో ఒక పశువుల పొడికి రంగుల్లో పూర్తి పేజీ ప్రకటన వస్తోంది. పొదుగువాపు మూడు రోజుల్లో మాయం, చూడి కట్టని ఆవు ఒక్క కోర్సుతో కడుతుంది, గాలికుంటు మీ కొట్టం దగ్గరికే రాదు, టీకాలు ఇంజెక్షన్లు అక్కర్లేదు, పాలు పారబోయక్కర్లేదు అని రాసి ఉంటుంది అందులో. ఒక నెల ఎడమ పేజీలో డాక్టరుగారి జవాబు "పొదుగు వాచిన రోజే చూపించండి, ఆలస్యం చేయకండి" అని ఉంటే, కుడి పేజీలో ఈ ప్రకటన పడింది. ఆవిడ ఎడిటర్‌కు నోటిమాటగా చెప్పారు. "ప్రకటనలు లేకపోతే రంగు పేజీలు ఎక్కడివమ్మా, ప్రకటనలకు పత్రిక బాధ్యత వహించదని కింద వేస్తున్నాం కదా" అని ఆయన ఫోన్ చూసుకున్నారట.

పలమనేరు దగ్గర పల్లెలో ఆవిడ మేనమామ నాలుగు జెర్సీ క్రాస్ ఆవులు పెట్టుకుని బతుకుతున్నాడు. ఈనిన ఆవుకు పొదుగు వాచింది. ఆయన ఈ పొడి తెచ్చి ఐదు రోజులు పెట్టాడు. డాక్టరు వచ్చేసరికి ఒక చన్ను పోయింది, ఇంకోదాంట్లో నీళ్లలాంటి పాలు వస్తున్నాయి. "మీ గవర్మెంటు బుక్కులోనే కదమ్మా ఏసినారు, అందులో నీ పేరు గూడా ఉండాది" అన్నాడట. కోపం లేకుండా, మామూలుగా అన్నాడట. అదే ఆవిడకు నిద్ర లేకుండా చేస్తోంది.

దీనికి తోడు, ఆ పొడికి చిత్తూరులో డీలరు ఎవరో కాదు, ఆవిడ మరిది. అప్పు చేసి సరుకు దించుకున్నాడు. విషయం ఇంట్లో ఎత్తితే అత్తగారు "సొంత తమ్ముడిలాంటి వాడి పొట్ట కొడతావా" అన్నారు, భర్త ఏమీ అనలేదు. ఇప్పుడు ఆవిడ ప్రశ్నలు: ఉద్యోగం మానేయాలా? తెలిసిన విలేకరి ఉన్నాడు, అతనికి చెప్పేయాలా? మామకు ఆవు నష్టం కట్టివ్వాలా? కనీసం పత్రికలో నా పేరైనా తీయించుకోవాలా?

ఇక మీతో నేరుగా మాట్లాడతాను.

మీరు నాలుగు వేరే వేరే సంగతుల్ని కలిపేసుకున్నారు. మామ ఆవు ఒకటి, పత్రికలో ప్రకటన ఒకటి, మరిది వ్యాపారం ఒకటి, మీ ఉద్యోగం ఒకటి. ఉద్యోగం మానేస్తే మామ ఆవుకు చన్ను రాదు, విలేకరికి చెబితే మరిది అప్పు తీరదు. అన్నింటికీ కలిపి ఒకే పెద్ద పని చేసేసి ఊపిరి పీల్చుకోవాలని ఉంది మీకు, ఉత్తరంలో అది కనిపిస్తోంది. అలాంటి పని లేదు.

ముందు మీ పేరు సంగతి. మామ మీ పేరు ఎత్తాడు కాబట్టి మీకు గుచ్చుకుంది. కానీ మీ మామ అయినా, ఆ ఊళ్లో ఇంకో రైతు అయినా నమ్మింది ముఖచిత్రం మీద ఉన్న శాఖ పేరుని. రైతు సేవా కేంద్రంలో బల్ల మీద ఉండే పుస్తకం, టీకాల తేదీలు చెప్పే పుస్తకం, అదే పుస్తకంలో ఈ పొడి. మీరే రాశారు, చిత్తూరులో ఒక షాపులో ఆ పేజీని లామినేషన్ చేయించి కౌంటర్ మీద పెట్టారని, రైతులు పేజీ చింపి మడిచి జేబులో పెట్టుకుని వచ్చి డాక్టరు చీటీ చూపించినట్టు చూపిస్తున్నారని. కంపెనీ డబ్బు కట్టింది దానికే. రోజువారీ పేపర్లో ఇంతకంటే ఎక్కువ మంది చూస్తారు, కానీ అక్కడ పడితే అది ప్రకటన. మీ పత్రికలో పడితే శాఖ చెప్పినట్టు లెక్క. ఆ మర్యాదను పేజీ రేటుకు అమ్మింది మీరు కాదు, ఆ నిర్ణయం మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది వేరే ఉంది, దానికి వస్తాను.

ఇంకో మాట ముందు చెప్పాలి, ఎందుకంటే మీరు దీన్ని పక్కన పెట్టేశారు. ఈ పొడి పనిచేసిందని చెప్పే రైతులు ప్రకటనలో ఫొటోలతో సహా ఉన్నారని, వాళ్లంతా డబ్బు తీసుకుని అబద్ధం చెబుతున్నారని మీరు రాశారు. నాకు అలా అనిపించడం లేదు. వాళ్లలో చాలామంది నిజమే చెబుతూ ఉండొచ్చు. పొదుగువాపు కొద్దిగా ఉంటే, పాలు శుభ్రంగా పిండేస్తూ ఉంటే, కొన్నిసార్లు దానంతట అదే తగ్గుతుంది. ఎద దాటిపోయి చూడి కట్టని ఆవు 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది, ఈసారి నిలిచిందంటే మధ్యలో పెట్టిన పొడికి పేరొస్తుంది. గాలికుంటు వైరస్ జబ్బు, దానికి మందంటూ లేదు, నోటి పుండ్లకూ గిట్టల పుండ్లకూ చేసే సేవే తప్ప. పెద్ద పశువు ఎక్కువసార్లు రెండు వారాల్లో తేరుకుంటుంది, తేరుకున్న రోజు గాట్లో ఏ డబ్బా ఉంటే ఆ డబ్బా గెలుస్తుంది. రైతు మోసగాడు కాదు, తన కళ్లతో చూసిందే చెబుతున్నాడు. పొడి పెట్టకపోతే ఏమయ్యేదో చూసే అవకాశం ఒక్క ఆవున్న మనిషికి ఉండదు, అంతే. అందుకని మీరు ఎవరి దగ్గర మాట్లాడినా "ఆ రైతులు అబద్ధాలకోరులు" అనే మాటతో మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాట దగ్గరే వాదన అయిపోతుంది, ఓడిపోయేది మీరు.

అసలు నష్టం ఎక్కడుందంటే రోజుల్లో ఉంది. బహుశా ఆ పొడిలో విషమేమీ ఉండదు. కొంచెం ఖనిజ లవణాలు, కొంచెం మెంతులో ఇంకేదో ఉండొచ్చు, తింటే ఆవుకు ఏమీ కాదు. కానీ పొదుగువాపు చాలావరకు బ్యాక్టీరియా వల్ల వచ్చేది. మొదటి రోజో రెండో రోజో పాలు పరీక్షించి, తగిన యాంటీబయాటిక్ చన్నులోకి ఎక్కిస్తే నిలబడే పొదుగు, ఐదో రోజుకి లోపల గట్టిపడిపోతుంది. గట్టిపడ్డ భాగం ఆ ఈతకు తిరిగి పాలివ్వడం కష్టం, చాలాసార్లు ఎప్పటికీ ఇవ్వదు. మీ మామ పోగొట్టుకున్నది ఆ ఐదు రోజులు.

ఆయన ఎందుకు పోగొట్టుకున్నాడో కూడా ఆలోచించండి. "పాలు పారబోయక్కర్లేదు" అన్న ఒక్క మాట చాలు. యాంటీబయాటిక్ వేస్తే మందును బట్టి కొన్ని రోజులు పాలు కేంద్రానికి పోయకూడదు, పోస్తే వినియోగదారుడికి అన్యాయం, పరీక్షలో దొరికితే మొత్తం క్యాను తిప్పి పంపుతారు. మీ జిల్లాలో పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు మీదే ఇల్లు నడిచే కుటుంబాలు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ప్రకటన రాసినవాడికి ఆవు గురించి తెలియకపోవచ్చు, పాడిరైతు భయం మాత్రం బాగా తెలుసు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మూలికలన్నీ మోసం అనే వైపు వెళ్లకండి. కలబంద, పసుపు, సున్నం కలిపి పొదుగుకు పూసే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్డీడీబీ) వాళ్లే పాడిరైతులకు నేర్పిస్తున్నారు. తేడా ఏమిటంటే అందులో ఏమేమి ఎంతెంత వేయాలో అందరికీ చెబుతారు, ఇంట్లోనే చేసుకోవచ్చు, పశువైద్యులు దాన్ని గమనించి లెక్కలు రాసుకుంటారు. మీ ప్రకటనలో ఉన్నది "మా పూర్వీకుల రహస్య ఫార్ములా". రహస్యం అన్నవాడిని ఏం కలిపావు, ఎన్ని పశువుల మీద చూశావు అని అడగడానికే ఉండదు.

మీరు ప్యాకెట్ చూశానని, దాని వెనక చిన్న అక్షరాల్లో "ఫీడ్ సప్లిమెంట్" అని ఉందని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యం రాశారు. నాకు ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే. పశువుకు జబ్బు తగ్గించే మందు తయారుచేసి అమ్మాలంటే డ్రగ్ లైసెన్సు కావాలి. ఇంగ్లిష్ మందైతే లేబుల్ మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, "మనుషులకు కాదు, పశువుల చికిత్సకు మాత్రమే" అనే ఇంగ్లిష్ వాక్యం, పశువు తల బొమ్మ ఉండాలి. మూలికల మందుకీ తయారీ లైసెన్సు ఉండాలి. దాణాలో కలిపే సప్లిమెంట్ అయితే ఈ గొడవంతా ఉండదు, కానీ అప్పుడు అది జబ్బులు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. ఈ కంపెనీ ప్యాకెట్ మీద సప్లిమెంట్, మీ పత్రికలో మందు. రెండు చోట్లా రెండు వేషాలు. మీరు కెమిస్ట్రీ చదవక్కర్లేదు, పొడిని ల్యాబుకు పంపక్కర్లేదు, ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మనుషుల మందులకే అనుకుంటారు చాలామంది, మీ ఎడిటర్ కూడా అలాగే అనుకుంటూ ఉండొచ్చు. దాని పరిధిలో పశువుల మందులు కూడా ఉన్నాయి. తప్పుడు అభిప్రాయం కలిగించే మందు ప్రకటనను ప్రచురించడంలో ఎవరూ ఏ రకంగానూ పాలుపంచుకోకూడదని నాలుగో సెక్షన్ చెబుతుంది, అచ్చు వేయడం కూడా పాలుపంచుకోవడమే అని ఆ చట్టంలోని నిర్వచనం. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పేజీ కింద వేసే ఆ "బాధ్యత వహించదు" లైను ఈ చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో, ప్రభుత్వం అచ్చు వేసే ప్రకటనలకు అదే చట్టంలో ఉన్న మినహాయింపు మీ పత్రికకు వర్తిస్తుందో లేదో శాఖలోని న్యాయ విభాగం చూసి చెప్పాలి. మీరు చెప్పక్కర్లేదు, చెప్పకండి కూడా. అది చూడమని అడగడం వరకే మీ పని.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, రాతపూర్వకంగా ఎడిటర్‌కు ఒక పేజీ నోట్. నోటిమాటగా చెప్పినప్పుడు ఆయన ఫోన్ చూసుకున్నారు, ఎందుకంటే చూసుకోవచ్చు కాబట్టి. ఆఫీసులో కాగితం వస్తే దాని మీద ఏదో ఒకటి రాయాలి, "చూశాను" అనైనా. ఆ నోట్‌లో పొదుగువాపుతో మొదలుపెట్టకండి, మీ మామ ఆవు గురించి ఒక్క ముక్క రాయకండి. గాలికుంటుతో మొదలుపెట్టండి. 2019 నుంచి దేశమంతా కేంద్ర పథకం కింద గాలికుంటు టీకాలు ఉచితంగా వేస్తున్నారు, ఊరూరా తిరిగి వేసేది పశుసంవర్ధక శాఖ సిబ్బంది. ప్రభుత్వమే టీకా వేయించుకోండని ఇల్లిల్లూ తిరుగుతుంటే, ప్రభుత్వ పత్రికే టీకా అక్కర్లేదనే ప్రకటన వేస్తోంది. ఇది చదివాక ఏ అధికారీ "ఏముందిలే" అనలేడు. పైగా దీనికి సాక్ష్యం అక్కర్లేదు, పత్రికే సాక్ష్యం. పొదుగువాపు దగ్గర వాదించుకోవచ్చు, టీకా దగ్గర వాదన లేదు. టీకా మానేసిన ఒక్క కొట్టం వల్ల ఊరంతా నష్టపోతుందని శాఖకు మీకంటే బాగా తెలుసు.

నోట్ నిందలా ఉండకూడదు, సందేహంలా ఉండాలి. "ఈ ప్రకటనలో టీకా అవసరం లేదని, ఫలానా జబ్బులు నయమవుతాయని ఉంది, ప్యాకెట్ మీద ఫీడ్ సప్లిమెంట్ అని ఉంది, ప్రచురించవచ్చా, ఎవరైనా పశువైద్యుడికి చూపించాలా, దయచేసి తెలియజేయగలరు" అని. ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, జబ్బు పేరున్న ప్రతి ప్రకటననూ అక్కడో శాఖలోనో ఒక డాక్టరు చూసి సంతకం పెట్టే పద్ధతి పెడదామని చివర్లో సూచించండి. ఎడిటర్‌కు అది అడ్డంకి కాదు, రక్షణ. రేపు పైనుంచి ఫోన్ వస్తే చూపించడానికి ఆయన దగ్గర ఒక సంతకం ఉంటుంది.

ఆ నోట్‌లోనే, మొదటి పేరాలోనే, ఇంకో వాక్యం ఉండాలి: ఈ కంపెనీకి చిత్తూరు డీలరు నా భర్త తమ్ముడు. ఇది రాయడానికి చేయి రాదు మీకు, తెలుసు. కానీ మీరు రాయకపోతే రెండు నెలల తర్వాత ఇంకెవరో చెబుతారు, అప్పుడు మీరు ఏం చెప్పినా "ఇంట్లో ఆస్తి గొడవలు ఉన్నాయట, అందుకే" అంటారు, లేదా ఇంకా ఘోరంగా, ఆ ప్రకటన తెచ్చిపెట్టిందే మీరంటారు. ముందే మీరు చెబితే రెండూ అనలేరు.

నోట్ ఇస్తే ఏమవుతుంది? ఎడిటర్‌కు మొహం ముడుచుకోవచ్చు. ఫిబ్రవరిలో ఫైలు కొంచెం ఆలస్యంగా కదలొచ్చు. కాంట్రాక్టు ఉద్యోగికి రెన్యువల్ ఖాయమని నేను మీకు అబద్ధం చెప్పను. అందుకే నోట్ మర్యాదగా, ఒకే పేజీలో, ప్రశ్న రూపంలో ఉండాలంటున్నాను. అలాంటి నోట్ ఇచ్చారని ఉద్యోగం తీసేయడం, ఇవ్వని మనిషిని తీసేయడం కంటే కష్టం. ఆఫీసు ఫైళ్లు, రసీదులు ఫొటోలు తీసి ఇంటికి తెచ్చుకోకండి. మీ నోట్ కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని ఉంచుకుంటే చాలు. అచ్చయిన పత్రిక ఎలాగూ బజార్లో ఉంటుంది.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది, అది మీ బల్ల మీదే ఉంది. ఆ పొడి ఎక్కడ దొరుకుతుంది, ఎంత మోతాదు పెట్టాలి అని రైతులు మీ ప్రశ్నల పేజీకే ఉత్తరాలు రాస్తున్నారని చెప్పారు. మీరు వాటిని పక్కన పెడుతున్నారట. పక్కన పెట్టకండి! డాక్టరుగారికి పంపండి. పొడి పేరు, కంపెనీ పేరు లేకుండా, "జబ్బు తగ్గిస్తుందని చెప్పే పొడి కొనేముందు ప్యాకెట్ మీద ఏం చూడాలి, పొదుగు వాస్తే మొదటి రోజు ఏం చేయాలి, 1962 కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఎలా వస్తుంది" అని ఆయన పేరుతో జవాబు వేయించండి. ఇది మీ రోజువారీ పనే, ఎవరి అనుమతీ కొత్తగా అక్కర్లేదు. ఎడిటర్ కొట్టేస్తే కొట్టేయవచ్చు, కానీ డాక్టరు సంతకం ఉన్న జవాబును కొట్టేయడం ఆయనకూ ఇబ్బందే. ఇందులో లోపం కూడా చెబుతాను: ప్రకటన ఆగదు, రంగుల్లో పూర్తి పేజీ అది, మీది నలుపు తెలుపులో పావు పేజీ. చదివినవాళ్లకు ఉపయోగం, చదవనివాళ్లకు లేదు.

మూడోది మధ్యే మార్గం. ప్రకటన ఆపేస్తే రంగు పేజీల డబ్బు పోతుందన్నది ఎడిటర్ బాధ, అది ఉత్తి సాకు అని నేను అనుకోవడం లేదు. అయితే ప్రకటనలో మాటలు మార్పించవచ్చు. జబ్బుల పేర్లు, టీకా మాట, పాలు పారబోయడం మాట తీసేసి, దాణాలో కలిపే సప్లిమెంట్‌గానే వేయమనవచ్చు. లవణ మిశ్రమం అమ్ముకునేవాళ్లకు ఐఎస్ 1664 అని భారత ప్రమాణమే ఉంది, ఆ గుర్తు ఉందా అని అడగొచ్చు. కంపెనీ ఒప్పుకుంటే డబ్బు వస్తుంది, ప్రకటన నిజాయితీగా మారుతుంది. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో ఎడిటర్‌కే అర్థమవుతుంది. కానీ ఒకటి, అచ్చులో మాటలు మారినా కౌంటర్ దగ్గర మాటలు మారవు. లామినేషన్ చేసిన పాత పేజీ అక్కడే ఉంటుంది. ఇది సగం పరిష్కారం, సగం అని తెలిసే తీసుకోండి.

నాలుగోది బయట ఫిర్యాదు. ఇది మీరు చేయకండి, చేస్తే మీ మామ చేయాలి, అదీ ఆయనకు ఇష్టమైతేనే. కొన్నది ఆయన, నష్టపోయింది ఆయన. సొంత బతుకుతెరువు కోసం స్వయంగా పాడి పెట్టుకున్న రైతు వినియోగదారుడి కిందే వస్తాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు సరుకు కొన్న కేసులకు ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కంపెనీ మీద 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. సప్లిమెంట్ పేరుతో మందు అమ్ముతున్నారన్న అనుమానం ఉంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ప్యాకెట్, పత్రిక పేజీ కలిపి ఇవ్వచ్చు. కావలసినవి: బిల్లు, ఖాళీ ప్యాకెట్, పత్రిక, డాక్టరు రాసిన చికిత్స కాగితం, అందులో ఎన్నో రోజున చూపించారో తేదీ. చన్ను పోవడానికి పొడే కారణమని తేల్చడం కష్టం, ఎదుటివాళ్లు "పిండడంలో శుభ్రత లేదు" అంటారు. తిరగడానికి ఓపిక ఉండాలి. ఇంకోటి, బిల్లు ఇచ్చింది ఏ షాపు? ఆ షాపుకు సరుకు ఇచ్చింది మీ మరిది అయితే ఆయన పేరు కూడా కేసులోకి వస్తుంది. మామకు ఇది ముందే చెప్పండి. తెలిసి చేస్తే ఆయన ఇష్టం.

విలేకరి దారి గురించి అడిగారు. నాకు నచ్చలేదు. రెండు రోజులు గోల, "సర్కారు పత్రికలో నకిలీ మందు" అని పెద్ద అక్షరాలు, మూడో రోజు ఎవరు చెప్పారన్న విచారణ, ఆ విచారణ మీ దగ్గరే ఆగుతుంది. ప్రకటన ఒక నెల ఆగి ఇంకో పేరుతో వస్తుంది. అన్ని దారులూ మూసుకుపోతే, ప్రాణం మీదికి వచ్చే మందైతే అప్పుడు వేరే మాట. మీ నోట్ ఇంకా బల్ల మీదికే పోలేదు. అసలు పత్రికకు ప్రకటనల విషయంలో నియమాలు ఉన్నాయా, ఎవరు ఆమోదిస్తారు అన్నది సమాచార హక్కు కింద ఏ రైతైనా అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ప్రశ్నకే ఆఫీసులో సగం కదలిక వస్తుంది.

ఉద్యోగం మానేయడం మీ ఇష్టం, మీ ఇంటి లెక్కలు నాకు తెలియవు. కానీ మీరు పోతే ఆ కుర్చీలోకి వచ్చే మనిషి ఎడమ పేజీ, కుడి పేజీ కలిపి చదువుతారని నమ్మకం ఏమిటి?

ఇప్పుడు ఇంటి సంగతి. అత్తగారి ముందు మరిదితో మాట్లాడకండి, ఆవిడ ముందు అతను ఓడిపోలేడు. విడిగా, వీలైతే మీ ఆయనతో కలిసి వెళ్లండి. మీ ఆయన ఏమీ అనలేదని బాధపడ్డారు. ఒకవైపు తమ్ముడి అప్పు, ఒకవైపు భార్య ఉద్యోగం, ఆయన మౌనంగా ఉండటంలో వింతేమీ లేదు. కానీ ఈ ఒక్కసారి పక్కన కూర్చోమనండి, మాట్లాడక్కర్లేదు. మరిదికి "నీ సరుకు మోసం" అని చెప్పకండి. ప్యాకెట్ మీద ఏముందో, పేజీలో ఏముందో పక్కపక్కన చూపించండి. రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే ముందు తలుపు తట్టేది కంపెనీది కాదు, చిత్తూరు షాపుదే. అప్పుడు కంపెనీ ఫోన్ ఎత్తుతుందా అని అడగండి. నేను నోట్ ఇస్తున్నాను, అందులో నీ పేరు సంబంధం వరకు రాస్తున్నాను, వెనక నుంచి తెలియడం కంటే ముందు నానోట వినాలని వచ్చాను అనండి. అమ్మని సరుకు వెనక్కి తీసుకునే షరతు డీలరు ఒప్పందంలో ఉందేమో చూడమనండి, ఉంటే ఇప్పుడే వాడుకోవాలి. అతను కోప్పడతాడు. కొన్నాళ్లు మీ ఇంటికి రాకపోవచ్చు, పండక్కి ఇబ్బందిగా ఉంటుంది. దాన్ని తప్పించే మాట నా దగ్గర లేదు.

మామకు డబ్బు కట్టివ్వాలా అన్నారు. ఇస్తే తీసుకోడు, తీసుకున్నా మీ ఇద్దరి మధ్య అది అప్పులా మిగిలిపోతుంది. ఆయనకు ఇప్పుడు కావలసింది వేరే. ఆ నీళ్ల పాలు వస్తున్న రెండో చన్ను ఇంకా పోలేదు కదా, డాక్టరు చెప్పిన కోర్సు మధ్యలో ఆపకుండా చూడండి. పాలు పోయకూడని రోజులకు ఆ బిల్లు తేడా మీరు సర్దితే అది సాయం, నష్టపరిహారం కాదు, ఆయన కాదనడు. మిగతా మూడు ఆవుల పాలు కూడా పరీక్ష చేయించమనండి, పైకి వాపు లేకుండా లోపల ఉండే పొదుగువాపు పక్క ఆవులకు ఉందేమో తెలుస్తుంది. మళ్లీ పాలు మాన్పించే సమయంలో చన్నుల్లో ఎక్కించే మందు గురించి ఇప్పుడే డాక్టరును అడిగి పెట్టుకోమనండి. ఇవన్నీ మీరు ఫోన్‌లో కనుక్కుని చెప్పగలరు, డాక్టర్ల నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి.

పేరు తీయించుకోవడం గురించి. తీయించుకుంటే మీకు కొంచెం తేలిక అవుతుంది, ఆ పేజీకి ఏమీ కాదు. పైగా "ఎందుకమ్మా" అని ఎడిటర్ అడిగితే చెప్పాల్సిన జవాబు ఎలాగూ ఆ నోట్‌లో ఉన్నదే, అదేదో నోట్‌లోనే చెప్పండి. ప్రూఫులు ప్రతి నెలా 20వ తేదీకి ప్రెస్‌కు వెళ్తాయని రాశారు. ప్రకటన పేజీ ప్రూఫు కూడా మీ చేతి మీదుగానే పోతుందట. నోట్ ఆ ప్రూఫుకు పిన్ చేసి ఎడిటర్ బల్ల మీద పెట్టండి, అంతకు ముందు రోజు మరిది దగ్గరికి వెళ్లి రండి.